గడియారం కాదు, పిండిని చూడండి: ఇంట్లో హాట్ క్రాస్ బన్స్

ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనలో చాలామందికి యూకేజీలోనే ఒక రైమ్ నేర్పించి ఉంటారు. హాట్ క్రాస్ బన్స్. క్లాసు మొత్తం తలలూపుతూ గట్టిగా అరిచేవాళ్లం. కానీ ఆ బన్ను ఎలా ఉంటుందో, ఎవరు తింటారో, ఎప్పుడు తింటారో టీచర్ చెప్పలేదు, మేం అడగలేదు. క్రాస్ అంటే రోడ్డు క్రాస్ చేయడం అనుకున్నాను నేను. బన్ను రోడ్డు దాటడం ఏంటో అర్థం కాలేదు, అయినా పాడేశాను.

మన చదువులో ఇలాంటివి చాలా ఉన్నాయి. మాట వచ్చు, వస్తువు తెలియదు. ఈ ఒక్క మాటకైనా వస్తువు చూద్దామని మొన్న ఏడాది ఇంట్లో చేశాను. చెడగొట్టాను. ఈ ఏడాది మళ్ళీ చేశాను. ఈసారి బాగా వచ్చాయి. ఈ వ్యాసంలో ఆ బన్ను చరిత్ర కొంచెం, చేసే పద్ధతి పూర్తిగా చెప్తాను. చెడగొట్టిన సంగతి కూడా దాచను, ఎందుకంటే నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే.

అసలు ఏంటీ బన్ను?

హాట్ క్రాస్ బన్ ఇంగ్లండ్ వాళ్ల వంట. ఈస్ట్ వేసి పొంగించిన మెత్తటి తియ్యటి బన్ను. లోపల దాల్చిన చెక్క, జాజికాయ లాంటి మసాలా దినుసులు, కిస్‌మిస్, నారింజ తొక్క ముక్కలు ఉంటాయి. పైన తెల్లగా సిలువ గుర్తు. ఏసుక్రీస్తుని సిలువ వేసిన రోజుని తలుచుకునే గుడ్ ఫ్రైడే నాడు తింటారు. లోపలి మసాలాలు ఆయన దేహానికి పూసిన సుగంధ ద్రవ్యాలకి గుర్తు అని కూడా అంటారు.

ఇంగ్లండ్‌లో సెయింట్ ఆల్బన్స్ అనే ఊరివాళ్లు ఇది మా దగ్గరే పుట్టింది అని చెప్పుకుంటారు. 1361లో అక్కడి మఠంలో ఒక సన్యాసి గుడ్ ఫ్రైడే రోజు ఇలాంటి బన్నులు చేసి పేదలకి పంచాడని వాళ్ల నమ్మకం. వాళ్లు ఇప్పటికీ సిలువని పిండి ముద్దతో గీయరు, బన్ను మీద కత్తితో గాటు పెడతారు.

నాకు బాగా నచ్చిన సంగతి 1592 నాటిది. అప్పుడు ఇంగ్లండ్‌ని ఏలుతున్నది మొదటి ఎలిజబెత్ రాణి. లండన్ మార్కెట్ల అధికారి ఒక ఆజ్ఞ జారీ చేశాడు: మసాలా వేసిన బన్నులు, రొట్టెలు రోజూ అమ్మకూడదు. గుడ్ ఫ్రైడే నాడు, క్రిస్మస్‌కి, ఎవరైనా చనిపోతే అంత్యక్రియలకి, ఈ మూడు సందర్భాల్లోనే అమ్మాలి. ఆజ్ఞ మీరి అమ్మితే ఆ సరుకంతా పేదలకి పోతుంది. ఒక బన్నుని పర్మిషన్ ఉంటేనే తినే రోజులు ఉండేవన్నమాట. హాట్ క్రాస్ బన్ అనే పేరు మాత్రం 1733లో ఒక పంచాంగంలో కనిపిస్తుంది. మనం పాడిన రైమ్ కూడా అప్పట్లో వీధుల్లో బన్నులు అమ్మేవాళ్ల కేకల నుంచి వచ్చిందే. మన వీధిలో ముంతకింద పప్పు బండి అబ్బాయి కేక లాంటిది అనుకోండి.

ఈ బన్ను చుట్టూ నమ్మకాలూ ఎక్కువే. గుడ్ ఫ్రైడే రోజు కాల్చిన బన్ను ఏడాదంతా బూజు పట్టదని వంటింట్లో వేలాడదీసేవాళ్లు. జబ్బు చేస్తే దాన్ని తురిమి నీళ్లలో కలిపి తాగించేవాళ్లు. ఓడలో పెట్టుకుంటే ఓడ మునగదని నావికులు వెంట తీసుకెళ్లేవాళ్లు. ఒక బన్నుని ఇద్దరు చెరిసగం తింటే ఆ ఏడాదంతా వాళ్ల స్నేహం చెడదని ఇంకో నమ్మకం.

తూర్పు లండన్‌లో ది విడోస్ సన్ అనే పబ్ ఉంది. 1848లో కట్టారు. దాని పేరుకి అర్థం వితంతువు కొడుకు. అంతకుముందు ఆ చోట ఒక వితంతువు ఉండేదట. ఒక్కగానొక్క కొడుకు నావికుడు. ఈస్టర్‌కి వస్తాను, నాకో బన్ను దాచిపెట్టు అని వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆమె ఏటా గుడ్ ఫ్రైడేకి ఒక కొత్త బన్ను దాస్తూనే ఉందట. ఆమె పోయాక చూస్తే దూలానికి వరసగా బన్నులు వేలాడుతున్నాయని కథ. ఆ కథని గౌరవిస్తూ ఆ పబ్‌లో గుడ్ ఫ్రైడే రోజు ఒక నావికుడి చేత పైకప్పుకి కట్టిన వలలో కొత్త బన్ను వేయించే ఆనవాయితీ మొదలైంది. కథ నిజమో కాదో పక్కన పెడితే, తినడానికి చేసిన వస్తువుని ఒక మనిషి కోసం దాచిపెట్టడం అనేది మనకి అర్థం కాని విషయం కాదు కదా.

మన తీరానికి ఒక దారం

ఇది పూర్తిగా పరాయి వంట అని అనుకోకండి. ఆ బన్నులో ఏముంది? దాల్చిన చెక్క శ్రీలంకది. జాజికాయ, జాపత్రి, లవంగాలు ఇండోనేషియా దీవులవి. అల్లం మనది. ఇవేవీ ఇంగ్లండ్‌లో పండవు. వీటిని కొనడానికి ఓడల్లో ఇన్ని వేల మైళ్లు వచ్చిన ఇంగ్లీషు వాళ్లకి ఒక చిక్కు ఎదురైంది. ఆ దీవుల్లో వాళ్ల ఉన్ని గుడ్డ ఎవరికీ అక్కర్లేదు. అక్కడివాళ్లు అడిగేది మన కోరమాండల్ తీరపు నూలు గుడ్డలు. అందుకే 1611లో ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడ గ్లోబ్ మన నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకి వచ్చింది. ఇక్కడ గుడ్డ కొని, దాన్ని అక్కడ ఇచ్చి, మసాలాలు తీసుకునేవాళ్లు. అంటే ఆ కాలంలో లండన్ బన్నులో పడిన జాజికాయల్లో కొన్నింటికైనా వెల కట్టింది మన నేతగాళ్ల గుడ్డ. మా ఊరు గుంటూరు. నిజాంపట్నం మాకు దూరమేం కాదు. ఈ సంగతి తెలిశాక బన్ను మీద నాకు కొంచెం హక్కు వచ్చినట్టు అనిపించింది.

గుడ్ ఫ్రైడే తేదీ ఏటా మారుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి చూసి, దాని తర్వాతి ఆదివారం ఈస్టర్. దానికి ముందు శుక్రవారం గుడ్ ఫ్రైడే. అదీ మన పండగల్లాగే చంద్రుణ్ణి చూసి పెట్టిన లెక్కే. సీఎస్‌ఈ వాళ్లకి ఒక ముక్క: డొనాల్డ్ నూత్ రాసిన ద ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ మొదటి సంపుటిలో ఈస్టర్ తేదీ కనిపెట్టే ఆల్గారిథం ఒక ఎక్సర్‌సైజ్‌గా ఉంది. సెలవుల్లో కోడ్ రాసి చూడండి.

నా మొదటి బ్యాచ్

2025 ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే. మా నాన్నమ్మ శ్రమదినాలు 40 రోజులూ మాంసం, గుడ్డు ముట్టదు. గుడ్ ఫ్రైడే రోజు పొద్దున్నుంచి ఉపవాసం. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా చర్చిలో ఏడు మాటల ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి ఏదో ఒకటి తింటుంది. మా చర్చిలో ఎవరికీ ఈ బన్నుల అలవాటు లేదు. ఆ రోజు నాన్నమ్మ ఉపవాసం నా బన్నుతో విడవాలని నా ఆశ.

ఇంగ్లండ్ వాళ్ల రెసిపీ ఒకటి పట్టుకుని అక్షరం పొల్లుపోకుండా చేశాను. పాలు గోరువెచ్చగా చేయమంటే చేశాను. వెచ్చటి చోట గంటన్నర పెట్టమంటే పెట్టాను. బన్నులు చుట్టాక మళ్ళీ గంట ఆగమంటే ఆగాను. ఫోన్‌లో టైమర్ పెట్టి మరీ.

గంటన్నర తర్వాత గిన్నె మీద గుడ్డ తీస్తే పిండి పొంగి, మధ్యలో కుంగిపోయి, జిగటగా ఉంది. చుట్టిన బన్నులు ట్రేలో నిలబడలేదు, అప్పాల్లా పరుచుకున్నాయి. కాలిస్తే అడుగు గట్టి, లోపల పులుపు. నాన్నమ్మ ఇంటికొచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"ఇదేంది నాన్నా, కల్లు ముంత వాసనొస్తంది. ఎండలు ఇట్టా మండిపోతా ఉంటే గోరువెచ్చని పాలెందుకు పోశావు? నేను ఇడ్లీ పిండిలోకే ఐసు నీళ్లు పోస్తన్నా కదా."

ఆ తర్వాత ఇంకో మాట అడిగింది, "గుడ్డేమన్నా వేశావా?" అని. వేశాను. రెసిపీలో ఉంది మరి. ఆమె ఏమీ అనలేదు. బన్ను పళ్లెంలో పెట్టేసి పెరుగన్నం కలుపుకుంది.

నాకు బాధ వేసింది బన్నులు చెడినందుకు కాదు. 40 రోజులుగా కళ్లముందు జరుగుతున్న విషయం నాకు గుర్తు రాలేదు, స్క్రీన్ మీద ఉన్న రెసిపీ మాత్రం పొల్లుపోకుండా గుర్తుంది.

ఎక్కడ తప్పు జరిగింది?

రెసిపీ తప్పు కాదు. అది ఇంగ్లండ్ వంటింటికి రాసింది. అక్కడ ఈస్టర్ రోజుల్లో వంటింట్లో 18, 20 డిగ్రీలు ఉంటుంది. వెచ్చటి చోటు అంటే వాళ్లు వెతుక్కోవాలి. మనకి ఇల్లంతా వెచ్చటి చోటే. ఆ రోజు మా వంటింట్లో 34 డిగ్రీలు.

ఈస్ట్ అనేది ప్రాణం ఉన్న సూక్ష్మజీవి. పిండిలోని చక్కెరలు తిని కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్ వదులుతుంది. ఆ గ్యాస్‌ని గ్లూటెన్ అనే సాగే వల పట్టి ఉంచుతుంది, అందుకే పిండి పొంగుతుంది. మనం తినే వేడి పరిధిలో కాదు, ఈస్ట్ హాయిగా బతికే పరిధిలో, సుమారు 8 నుంచి 10 డిగ్రీలు పెరిగితే దాని వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. 20 డిగ్రీల దగ్గర గంటన్నర పట్టే పని 34 దగ్గర అరగంట, ముప్పావుగంటలో అయిపోతుంది. నేను దాన్ని అలాగే గంటన్నర వదిలేశాను. గ్యాస్ ఎక్కువై, వల సాగి సాగి తెగిపోయింది. కల్లు వాసన ఆల్కహాల్‌దే. నాన్నమ్మ ముక్కు కరెక్ట్.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఈ బన్ను మామూలు బ్రెడ్ కాదు. ఇందులో ఈస్ట్‌ని నెమ్మది చేసేవి చాలా ఉన్నాయి.

చక్కెర: కొంచెమైతే ఈస్ట్‌కి తిండి. ఎక్కువైతే ఈస్ట్ కణాల్లోంచి నీటిని లాగేస్తుంది. ఊరగాయలో ఉప్పు చేసే పనే.

వెన్న: పిండి రేణువులకి పూతలా పట్టుకుని గ్లూటెన్ వల తొందరగా అల్లుకోనివ్వదు. బన్ను మెత్తగా ఉండేదీ దాని వల్లే.

దాల్చిన చెక్క, లవంగం: దాల్చిన చెక్కలో సినమాల్డిహైడ్, లవంగంలో యూజినాల్ ఉంటాయి. ఇవి శిలీంధ్రాల ఎదుగుదలని అడ్డుకుంటాయి. ఈస్ట్ కూడా శిలీంధ్రమే కదా. అందుకే దాల్చిన పొడి ఇష్టమొచ్చినంత వేస్తే పిండి పొంగడానికి మొరాయిస్తుంది.

ఏడాదంతా బూజు పట్టదు అనే పాత నమ్మకానికి కూడా కొంత ఆధారం ఇక్కడ దొరుకుతుంది. మసాలా, చక్కెర బూజుకి కొంత అడ్డు. పొయ్యి దగ్గర వేలాడితే బన్ను రాయిలా ఎండిపోతుంది, తడి లేకపోతే బూజు రాదు. మహిమ సంగతి దేవుడెరుగు.

కాబట్టి ఒకవైపు చక్కెర, మసాలా బ్రేకు వేస్తాయి, ఇంకోవైపు మన ఎండ యాక్సిలరేటర్ తొక్కుతుంది. రెండూ కలిసి ఎంత టైమ్ అవుతుందో ఏ రెసిపీ చెప్పలేదు. పిండి మాత్రమే చెప్తుంది. నాన్నమ్మ ఇడ్లీ పిండికి ఎప్పుడూ గడియారం చూడదు. చలికాలం తొందరగా రుబ్బుతుంది, ఎండాకాలం పడుకోబోయే ముందు రుబ్బుతుంది, పొద్దున్నే మూత తీసి చూసి చెప్తుంది.

పాలు ఎంత చల్లగా ఉండాలి?

దీనికి బేకరీ వాళ్లకి ఒక లెక్క ఉంది. కలిపిన పిండి వేడి 26 డిగ్రీల దగ్గర ఉండాలనుకుందాం. దాన్ని 3తో గుణిస్తే 78. అందులోంచి మూడు తీసేయాలి: మైదా వేడి, గది వేడి, పిసికేటప్పుడు రాపిడికి పెరిగే వేడి. మిగిలిందే పాల వేడి.

ఈ ఏడాది నా లెక్క: మైదా 33, గది 34, చేత్తో పిసికితే 3 అనుకున్నాను. మొత్తం 70. 78లోంచి 70 తీస్తే 8. అంటే పాలు 8 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగితే సరిపోయే వేడి అది. పోయినేడు నేను పోసింది 40 డిగ్రీల పాలు!

కావలసినవి (12 బన్నులకి, గుడ్డు లేకుండా)

మైదా 500 గ్రాములు
కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు 300 మి.లీ.
పంచదార 75 గ్రాములు
మెత్తబడిన వెన్న 60 గ్రాములు
ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు
ఉప్పు 8 గ్రాములు (ఉప్పు వేసిన వెన్న వాడితే 6 చాలు)
కిస్‌మిస్ 125 గ్రాములు
చక్కెర పాకంలో ఉడికించిన నారింజ తొక్క ముక్కలు 40 గ్రాములు, లేకపోతే టూటీ ఫ్రూటీ
ఒక కమలాపండు తొక్క తురుము, పైన నారింజ రంగు పొర మాత్రమే, లోపలి తెలుపు చేదు

మసాలా: దాల్చిన చెక్క పొడి 2 టీస్పూన్లు, జాజికాయ తురుము అర టీస్పూను, శొంఠి పొడి అర టీస్పూను, ధనియాల పొడి అర టీస్పూను, లవంగాల పొడి పావు టీస్పూను.

ధనియాలు చూసి నవ్వకండి. ఇంగ్లండ్‌లో మిక్స్‌డ్ స్పైస్ అని అమ్మే పొడిలో చాలాసార్లు ధనియాలు ఉంటాయి. సాంబారుకి వేసే చేత్తోనే బన్నుకీ వేయండి. వేయించని ధనియాల్లో నిమ్మ, నారింజ తొక్కకి దగ్గరగా ఉండే వాసన ఉంటుంది, అందుకే ఇక్కడ కుదురుతుంది.

సిలువకి: మైదా 75 గ్రాములు, నీళ్లు 75 మి.లీ. పైన మెరుపుకి: పంచదార 2 టేబుల్ స్పూన్లు, నీళ్లు 2 టేబుల్ స్పూన్లు.

తక్కువ మందికి చేయాలంటే బేకరీ వాళ్ల శాతాలు గుర్తుపెట్టుకోండి. మైదా ఎప్పుడూ 100. దాని మీద పాలు 60, పంచదార 15, వెన్న 12, కిస్‌మిస్ 25, ఈస్ట్ 1. మైదా ఒక్కటి మార్చితే మిగతావన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి. వేరియబుల్ ఒక్కటే అన్నమాట.

చేసే పద్ధతి

1. కిస్‌మిస్ వేడి నీళ్లలో 15 నిమిషాలు నానబెట్టి, వడకట్టి, గుడ్డతో అద్దండి. నానబెట్టకపోతే అవి పిండిలోని తడి పీల్చుకుంటాయి, అద్దకపోతే పిండి జారైపోతుంది.

2. మైదా, పంచదార, ఉప్పు, ఈస్ట్, మసాలా కలిపి, పాలు 270 మి.లీ. పోయండి. మిగతా 30 చేతిలో ఉంచుకోండి. మైదా ఒక్కో ప్యాకెట్ ఒక్కోలా తడి పీలుస్తుంది. పూరీ పిండి కంటే బాగా మెత్తగా, చేతికి కొంచెం అంటుకునేలా ఉండాలి. పొడిగా ఉంటే మిగతా పాలు పోయండి.

3. 5 నిమిషాలు పిసికాక వెన్న కొంచెం కొంచెంగా కలపండి. మొదట అంతా జిడ్డుగా, విడిపోయినట్టు అవుతుంది. భయపడి పొడి మైదా చల్లకండి. ఇంకో 10 నిమిషాలు పిసికితే నున్నగా వస్తుంది. చిన్న ముక్క తీసి రెండు చేతులతో సాగదీయండి. చిరగకుండా, వెలుతురు కనిపించేంత పల్చటి పొరలా సాగితే చాలు.

4. కిస్‌మిస్, తొక్క ముక్కలు, తురుము ఇప్పుడు కలపండి. ముందే వేస్తే పిసికేటప్పుడు నలిగి పిండిని చింపుతాయి.

5. ఇది ముఖ్యం. పిండిలోంచి నిమ్మకాయంత ముద్ద తీసి, నిటారుగా ఉండే గాజు గ్లాసులో అడుగుకి నొక్కండి. పై అంచు దగ్గర గ్లాసుకి ఒక రబ్బరు బ్యాండు వేయండి. గ్లాసుని గిన్నె పక్కనే పెట్టండి. గిన్నెలో పిండి రెట్టింపు అయిందో లేదో కంటికి తెలియదు, గ్లాసులో స్పష్టంగా తెలుస్తుంది. బ్యాండుకి రెట్టింపు ఎత్తు వస్తే మొదటి పొంగు అయిపోయినట్టు. 30 నిమిషాల నుంచే చూస్తూ ఉండండి. నాకు ఈసారి గంటా పావు పట్టింది. మీకు అంతే పట్టాలని రూల్ లేదు.

6. గ్లాసులోది కూడా కలిపేసి, మెల్లగా గ్యాస్ నొక్కి, 12 ఉండలు చేయండి. ఒక్కోటి 90 గ్రాములు, అటూ ఇటూగా. అంచుల్ని కిందికి లాగి అడుగున ముడి వేసినట్టు నొక్కితే పైభాగం బిగుతుగా ఉంటుంది, అప్పుడు పైకి పొంగుతుంది. బయటికి కనిపించే కిస్‌మిస్‌ని లోపలికి తోసేయండి, లేకపోతే మాడిపోతాయి. వెన్న రాసిన ట్రేలో వేలెడు ఎడం ఉంచి సర్దండి.

7. రెండో పొంగు. తడి గుడ్డ కప్పి ఉంచండి. వేలికి మైదా అద్దుకుని బన్ను పక్కన మెల్లగా నొక్కండి. గుంట వెంటనే లేచిపోతే ఇంకా టైమ్ ఉంది. నెమ్మదిగా, సగమే లేస్తే ఓవెన్‌కి రెడీ. అస్సలు లేవకపోతే ఆలస్యం అయింది, వెంటనే కాల్చేయండి.

8. ఓటీజీని ముందుగా 200 డిగ్రీలకి 15 నిమిషాలు వేడి చేయండి. ఈలోపు సిలువ పిండి కలపండి. బజ్జీ పిండి కంటే కొంచెం గట్టిగా ఉండాలి. ఖాళీ పాల ప్యాకెట్ కడిగి ఆరబెట్టి, పిండి పోసి, మూల చిన్నగా కత్తిరించండి. గోరింటాకు కోన్ పట్టుకున్నట్టే. ఒక్కో బన్నుకి విడిగా కాకుండా, వరస మొత్తానికి ఒక గీత, మళ్ళీ అడ్డంగా ఒక గీత లాగండి. సిలువలు సమంగా వస్తాయి.

9. మధ్య అరలో 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. పైన బాగా బంగారు రంగు రావాలి, ఒక బన్ను తీసి అడుగున తడితే డొల్లగా చప్పుడు రావాలి. చిన్న ఓటీజీ అయితే ఆరేసి చొప్పున రెండు సార్లు కాల్చాలి. అప్పుడు రెండో ట్రేని ఫ్రిజ్‌లో పెట్టండి. బయట వదిలేస్తే మొదటి ట్రే కాలేలోపు అది పొంగి కూలిపోతుంది.

10. పంచదార, నీళ్లు ఒక నిమిషం మరిగించి, బన్నులు బయటికి రాగానే వేడి మీదే పూయండి. 20 నిమిషాలు ఆగి తుంచండి. వేడిగా తుంచితే లోపల ముద్దగా అనిపిస్తుంది.

ఓటీజీ లేనివాళ్లు కేకు చేసినట్టే కుక్కర్‌లో చేయొచ్చు. అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, గాస్కెట్, వెయిట్ తీసేసి 10 నిమిషాలు వేడి చేసి, గిన్నెలో బన్నులు పెట్టి మధ్యస్థంగా ఉన్న మంట మీద 25, 30 నిమిషాలు ఉంచాలి. పైనుంచి వేడి తగలదు కాబట్టి రంగు రాదు, తెల్లగానే ఉంటాయి. రుచికి లోటు లేదు.

మర్నాటికి మిగిలితే అడ్డంగా కోసి, పెనం మీద వెన్న వేసి కాల్చుకోండి. నిజం చెప్పాలంటే నాకు అదే ఎక్కువ నచ్చింది.

రెండో బ్యాచ్

2026 ఏప్రిల్ 3. నేనూ ఆరాధనకి వెళ్లాలి, నాన్నమ్మ రాగానే బన్నులు వేడిగా ఉండాలి. రెండూ ఎలా? వేడి పెరిగితే ఈస్ట్ పరిగెడుతుందని పోయినేడు నేర్చుకున్నాను కదా, దాన్నే తిరగేశాను. చల్లబరిస్తే ఆగుతుంది. 9 గంటలకి పిండి కలిపాను. 11 లోపు ఉండలు చుట్టేసి, 20 నిమిషాలు బయట ఉంచి, ట్రేకి కవర్ కప్పి ఫ్రిజ్‌లో పెట్టి చర్చికి వెళ్లాను. 3:20కి ఇంటికొచ్చి చూస్తే నెమ్మదిగా, బిగుతుగా పొంగి ఉన్నాయి. ఓటీజీ వేడెక్కేలోపు సిలువలు గీశాను. 4 గంటలకి బయటికి తీశాను.

కాలుతుంటే దాల్చిన చెక్క వాసన హాల్లోకి వచ్చింది. నాన్నమ్మ తెల్ల చీర కూడా మార్చుకోకుండా వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఈసారి గుడ్డు?"

"లేదు నాన్నమ్మా."

ప్రార్థన చేసుకుని, బన్ను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క నాకిచ్చింది. చెరిసగం తింటే స్నేహం నిలుస్తుందనే ఇంగ్లండ్ నమ్మకం ఆమెకి నేను చెప్పలేదు. ఆమెకి ఇంట్లో ఏదైనా అలా తినడమే అలవాటు. తిన్నాక ఉప్పు ఇంకొంచెం పడాలంది. పక్కింటి వాళ్లకి నాలుగు పంపించమంది. అందులో నాకు మొదటిది ఫీడ్‌బ్యాక్, రెండోది మార్కులు.

వచ్చే ఏడాది గుడ్ ఫ్రైడే 2027 మార్చి 26న వస్తోంది. అప్పటికి ఎండలు ఇంతగా ముదరవు కాబట్టి నా 8 డిగ్రీల పాలు మీకు సరిపోకపోవచ్చు. మీ వంటింట్లో ఎంతుందో చూసి మళ్ళీ లెక్క వేసుకోండి. గ్లాసుకి రబ్బరు బ్యాండు మాత్రం మర్చిపోకండి. చేసే ముందు ఆ బన్ను తినబోయే మనిషి ఏం తింటారో, ఏం తినరో కూడా ఒకసారి అడగండి.